ట్యాబ్ మీద గుడ్డ పెట్టేముందు

ఇంట్లో ఫోన్ ఎవరిది వాళ్లదే. ట్యాబ్ మాత్రం అందరిదీ. పొద్దున్నే పూజ గదిలో విష్ణు సహస్రనామం వినిపిస్తుంది. కాసేపటికి వంటింటి గట్టు మీద డబ్బాకు ఆనుకుని వంట వీడియో చూపిస్తుంది. మధ్యాహ్నం తాతగారి ఒళ్లో వార్తలు, సాయంత్రం పిల్లల హోంవర్క్, రాత్రి చంటిదానికి అన్నం తినిపించేదాకా బొమ్మల పాటలు. ఒక్క రోజులోనే దాని మీద విభూతి రాలుతుంది, పోపు చిట్లి నూనె చుక్కలు పడతాయి, పెరుగన్నం వేళ్లు అంటుకుంటాయి. పడుకోబోయే ముందు ఎవరో ఒకరు చూసి, "ఛీ, ఏంటిది ఇలా ఉంది" అంటూ చీర కొంగుతోనో చొక్కా అంచుతోనో గట్టిగా రుద్దేస్తారు. తెర మళ్లీ తళతళలాడుతుంది. ఆ రోజు మొత్తంలో ట్యాబ్‌కు ఎక్కువ నష్టం జరిగింది ఆ చివరి అర నిమిషంలోనే.

తాళాలు, చిల్లర తగిలితే గీతలు పడతాయని వాటిని దూరం పెడతాం. నిజానికి అంత భయపడాల్సినవి అవి కావు. ఖనిజాల గట్టిదనాన్ని పోల్చడానికి ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1812లో 1 నుంచి 10 దాకా ఒక వరస కట్టాడు. మొహానికి రాసుకునే పౌడర్లో వాడే టాల్క్‌ది 1వ స్థానం, వజ్రానిది 10వది. అందులో మామూలు చాకు ఉక్కు ఐదున్నర దగ్గర, ట్యాబ్ గాజు 6 దగ్గర వస్తాయి. అందుకే తాళంచెవి తెరకు రాసుకున్నా చాలాసార్లు గీత పడదు. వీధి దుమ్ములో కలిసి వచ్చే ఇసుక రేణువుది మాత్రం 7. కంటికి ఆననంత చిన్న రేణువైనా సరే, గుడ్డకూ గాజుకూ మధ్య చిక్కి వేలి ఒత్తిడితో అటూ ఇటూ జరిగిందంటే అది గుడ్డ కాదు, గరుకు కాగితమే.

విభూతి మెత్తగా ఉంటుంది కాబట్టి ఏమీ చేయదనుకుంటాం. పిడకలు కాల్చిన బూడిదలోనూ సిలికా ఉంటుంది, ఆవు తిన్న గడ్డిలోంచి వచ్చినదే. పాత రోజుల్లో అంట్లు తోమడానికి బూడిద ఎందుకు వాడేవాళ్లో గుర్తు చేసుకుంటే చాలు. ఇత్తడి చెంబును మెరిపించిన గుణమే తెర మీద కనీకనిపించని గీతలుగా తేలుతుంది. కిటికీ దగ్గర ఎండలో ట్యాబ్‌ను కొంచెం వాల్చి చూస్తే ఆ గీతల్లో ఎక్కువ భాగం గుండ్రంగా తిరిగి ఉంటాయి, తుడిచిన చెయ్యి ఎటు తిరిగిందో అటే.

"మాది గొరిల్లా గ్లాస్, ఏం కాదు" అనే ధీమా కూడా పూర్తిగా నిలబడదు. అమెరికాకు చెందిన కార్నింగ్ కంపెనీ ఈ గాజును దాదాపు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించిన పొటాషియం లవణంలో ముంచుతుంది. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికొచ్చి, వాటి చోట్లోకి పెద్ద పొటాషియం అయాన్లు దూరతాయి. ఆర్టీసీ బస్సులో సన్నటివాళ్లు లేచిన సీట్లలోనే లావుపాటివాళ్లు సర్దుకుని కూర్చున్నట్టన్నమాట. ఆ ఇరుకు వల్ల పైపొర ఎప్పుడూ బిగిసి ఉంటుంది, పగులు తొందరగా పాకదు. అంటే ఆ గాజు గొప్పతనం ఎక్కువగా పగలకుండా తట్టుకోవడంలో ఉంది. ఇసుక గీతకు అదీ లొంగుతుంది. పైగా ఆ గీత బిగుతు పొరను దాటి లోపలికి దిగిందంటే, రేపు ట్యాబ్ కింద పడినప్పుడు పగులు అక్కడినుంచే మొదలవచ్చు. ఇక తక్కువ ధర ట్యాబ్‌లలో ఏ గాజు వేశారో కంపెనీలు చాలాసార్లు చెప్పనే చెప్పవు.

గాజు మీద ఇంకో పొర ఉంటుంది. అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. కొత్త ట్యాబ్ మీద వేలు జారినంత హాయిగా రెండేళ్ల ట్యాబ్ మీద జారదు. తేడా ఆ పొరదే. తామరాకు మీద నీళ్లు నిలవనట్టు, వేలి జిడ్డు అంటుకోకుండా ఫ్లోరిన్ ఉన్న పదార్థాన్ని గాజు మీద అతి పలచగా పూస్తారు. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్‌కే ఈ పూత ఉంది. తల వెంట్రుక మందంలో వేలవ వంతు కూడా ఉండని పొర ఇది. మామూలుగా వాడుతున్నా అరుగుతుంది, గరుకు గుడ్డతో రుద్దితే ఇంకా త్వరగా అరుగుతుందని ఆపిల్ కంపెనీయే చెబుతోంది. మన ట్యాబ్‌కు ఆ పూత ఉందో పోయిందో చూడాలంటే, ఆఫ్ చేసి తెర మధ్యలో వేలి కొసతో ఒక చిన్న నీటిచుక్క పెట్టాలి. ముత్యంలా నిలబడితే ఉన్నట్టు, పలచగా పరుచుకుంటే పోయినట్టు. పోతే తెర పాడైనట్టేమీ కాదు. కాకపోతే అప్పటినుంచి జిడ్డు పట్టుకుని వదలదు, జిడ్డు వదలదని మనం ఇంకా గట్టిగా రుద్దుతాం.

తెర తుడవడం ఎలాగో నేర్చుకోవాలంటే ఏ ఊళ్లోనైనా మొబైల్ షాపు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. టెంపర్ గ్లాస్ వేసే కుర్రాడి చెయ్యి చూడాలి. ముందు బ్రష్‌తో దుమ్ము దులుపుతాడు. తర్వాత గ్లాస్‌తో పాటు వచ్చిన రెండు చిన్న ప్యాకెట్లు చింపుతాడు. ఒకదాని మీద 1, ఇంకోదాని మీద 2 అని ఉంటుంది. 1వ దాంట్లో తడి కాగితం, తీయగానే స్పిరిట్ వాసన వస్తుంది. 2వ దాంట్లో పొడి గుడ్డ. తుడవడం అయ్యాక తెరను లైటు కింద వాల్చి, ఎక్కడ నలుసు కనిపిస్తే అక్కడ ఒక స్టిక్కర్ అద్ది పైకి లేపుతాడు. నలుసును ఎక్కడా ఈడ్చడు, ఎత్తేస్తాడు. రోజుకు ఎన్నో గ్లాసులు వేసిన చెయ్యి అది. గట్టిగా రుద్దడం అనేది దానికి అలవాటే ఉండదు.

ఇంట్లోనూ అదే వరస. ఛార్జర్ పీకి, ట్యాబ్ ఆఫ్ చేసి, కవర్ ఊడదీయాలి. నిలువుగా పట్టుకుని మెత్తటి బ్రష్‌తో పొడి దుమ్మును కిందికి రాలనివ్వాలి. కొత్త పెయింట్ బ్రష్ అయినా, వాడని మేకప్ బ్రష్ అయినా సరిపోతుంది. తర్వాతే గుడ్డ. మైక్రోఫైబర్ గుడ్డను నీళ్లలో తడిపి, చుక్క కారనంతగా పిండి, బరువు పెట్టకుండా ఒకే దిశలో లాగాలి. చాలా రోజులు ఇంతకు మించి అవసరమే రాదు. నూనె మరకలకు మాత్రం నీళ్లు చాలవు.

నూనె దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఉన్న ప్రతి సీసా మందులాగే కనిపిస్తుంది. కిటికీ అద్దాలకు కొట్టే స్ప్రే ట్యాబ్‌కు పనికిరాదు. అదీ అద్దమే, ఇదీ అద్దమే అనిపించినా, కిటికీకి పైన పూత లేదు, కింద కరెంటు లేదు. ఇలాంటి స్ప్రేలు, అమ్మోనియా, బ్లీచ్ వాడొద్దని కంపెనీలు స్పష్టంగానే చెబుతాయి. నూనె మరకకు పనికొచ్చే ఆల్కహాల్ సంగతి వేరు. ఒకప్పుడు ఆపిల్ దాన్నీ వద్దనే చెప్పేది. కరోనా మొదలైన 2020 మార్చిలో మాట మార్చి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న వైప్స్‌తో బయటి భాగాలను మెల్లగా తుడవొచ్చని చెప్పింది. 70 అంటే తక్కువ రకమేమో, 99 శాతం అయితే ఇంకా బాగా పనిచేస్తుందేమో అనుకోవడం సహజం. క్రిములను చంపే విషయంలో లెక్క తిరగబడుతుంది. 99 శాతం క్షణాల్లో ఆవిరైపోతుంది. 70 శాతంలో ఉన్న నీళ్లు దాన్ని కాసేపు నిలబెట్టి, క్రిమిలోని ప్రొటీన్లు విరిగేదాకా పని చేయనిస్తాయి.

హ్యాండ్ శానిటైజర్లో కూడా ఆల్కహాలే కదా అని తెర మీద రెండు చుక్కలు వేసేవాళ్లున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన శానిటైజర్ ఫార్ములాలో ఆల్కహాల్‌తో పాటు చెయ్యి పొడిబారకుండా గ్లిజరాల్, కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటాయి. గ్లిజరాల్ చర్మానికి మంచిదే కానీ తెర మీద జిగటగా మిగులుతుంది. పెరాక్సైడ్‌ను ఆపిల్ పేరు పెట్టి మరీ వద్దంది. జెల్ రకాల్లో చిక్కదనం కోసం కలిపే పదార్థాలు అదనం. కరోనా రోజుల్లో చేతుల మీద వాడగా మిగిలిన సీసాలు చేతులకే ఉండనివ్వడం మంచిది.

ఏ ద్రవమైనా గుడ్డ మీదే పడాలి, తెర మీద నేరుగా కొట్టకూడదు. తెర మీద కొట్టిన స్ప్రే కిందికి జారి, గాజూ ఫ్రేమూ కలిసే సన్నటి సందులో ఆగుతుంది. అక్కడినుంచి ఎటు వెళ్తుందో మన చేతుల్లో ఉండదు. గీతలు పోవడానికి టూత్‌పేస్ట్ రాయమనే చిట్కా ఇంకా తిరుగుతూనే ఉంది. పళ్ల మీద గార అరగదీయడానికి పేస్ట్‌లో గరుకు పొడి కలుపుతారు. అది గీతను పూడ్చదు, చుట్టూ మిగిలిన పూతను కూడా తీసేస్తుంది.

పసుపు మాత్రం వింత మరక. తెర మీద పడితే తడి గుడ్డకే పోతుంది, సిలికాన్ కవర్‌కు అంటితే సబ్బు పెట్టినా పోదు. పసుపు రంగుకు కారణమైన కర్క్యుమిన్ ఎండకు విరిగిపోతుంది. పసుపు చేతులంటిన తెల్ల చీర ఎండలో ఆరేశాక మరక తేలికపడటం చూస్తూనే ఉంటాం. కవర్‌ను ఊడదీసి, కడిగి, ఒక పూట ఎండలో పెడితే అదే జరుగుతుంది. కవర్‌ను మాత్రమే. ట్యాబ్‌తో కలిపి పెడితే ఏమవుతుందో చివర్లో చూద్దాం.

తుడిచే గుడ్డ గురించి కూడా ఒక మాట. మైక్రోఫైబర్ అంటే పాలియెస్టర్, నైలాన్ కలిపి తీసిన అతి సన్నటి పోగులు. జిడ్డును, దుమ్మును ఆ పోగుల మధ్యకు లాక్కోవడమే దాని పని. ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడే లిక్విడ్ పోస్తే అది పోగులకు పట్టేసి ఆ గుణం పోతుంది. టిష్యూ కాగితం చేతికి మెత్తగా తగులుతుంది కానీ అది చెక్క గుజ్జుతో చేసింది, పీచులు కూడా రాలుస్తుంది. మైక్రోఫైబర్ దొరకకపోతే బాగా నలిగి, ఉతికి ఉన్న పాత పంచె ముక్క నయం. ఒంటి మీద ఉన్న బట్ట మాత్రం వద్దు, పొద్దుటినుంచి రోడ్డు దుమ్మంతా మోసింది అదే.

తెర తర్వాత ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఛార్జింగ్ పోర్టు. కేబుల్ వదులుగా ఉంటోందని, కదిపితేనే ఛార్జ్ అవుతోందని కొత్త కేబుల్ కొంటారు. చాలాసార్లు లోపం పోర్టు అడుగున గట్టిపడిన దూదిపోగుల్లో ఉంటుంది. బ్యాగులోని నూలు, దుప్పటి పీచు, అగరుబత్తి బూడిద లోపలికి చేరి, కేబుల్ పెట్టిన ప్రతిసారీ వెనక్కి కుదించుకుంటూ పోతాయి. టైప్-సి పోర్టు మధ్యలో సన్నటి నాలుక లాంటిది ఉంటుంది, దాని రెండు పక్కలా కలిపి 24 కాంటాక్టులు. అందులో పిన్నీసు పెట్టి కెలికితే పోగులతో పాటు కాంటాక్టులూ దెబ్బతింటాయి. ట్యాబ్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో గోడ పక్కనుంచి మెల్లగా తవ్వితే ఒక్కోసారి చిన్న ఉండంత పోగు బయటికొస్తుంది. నోటితో ఊదితే మాత్రం దుమ్ముతో పాటు తడి కూడా లోపలికి పోతుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఉప్పు కలిసిన తడి, పైన ఛార్జింగ్ కరెంటు, రెండూ కలిస్తే లోహం తినేసుకుపోవడానికి ఎక్కువ రోజులు పట్టదు.

నీళ్లు పడితే అందరికీ గుర్తొచ్చేది బియ్యం డబ్బా. ఈ నమ్మకం మన దగ్గరే కాదు, అన్ని దేశాల్లోనూ ఉంది. బియ్యం చుట్టూ ఉన్న గాలిలోని తేమను కొంచెం పీల్చుకోగలదేమో కానీ, గాజు కిందా చిప్పుల కిందా చేరిన నీటిని లాగలేదు. పైగా పొట్టు, పిండి, చిన్న నూకలు పోర్టులోకి దూరతాయి. తడిసిన ఐఫోన్‌ను బియ్యంలో పెట్టొద్దని 2024లో ఆపిల్ తన సలహాల్లో రాసింది. ట్యాబ్‌కూ అదే వర్తిస్తుంది. ఫోన్లు నీటిలో పడ్డా బతుకుతున్నాయి కదా అని ట్యాబ్‌ను అలా చూడకూడదు. ఐప్యాడ్‌లకు నీటిని తట్టుకుంటాయనే రేటింగే లేదు. 2023లో వచ్చిన సామ్‌సంగ్ ట్యాబ్ ఎస్9 వరసకు ఐపీ68 రేటింగ్ ఉంది. ఆ పరీక్ష కూడా మంచినీటిలో చేసినదే, సాంబారులోనో సముద్రంలోనో చేసినది కాదు. తడిస్తే వెంటనే ఆఫ్ చేసి, కవర్ తీసి, పోర్టు కిందికి ఉండేలా నిలబెట్టి, ఫ్యాన్ గాలిలో వదిలేయాలి. ఆన్ అవుతుందో లేదో చూద్దామనే తొందరే అసలు ప్రమాదం, ఎందుకంటే షార్ట్ అయ్యేది కరెంటు పారినప్పుడే.

కవర్, టెంపర్ గ్లాస్ విషయంలో డబ్బాల మీద రాసే "9హెచ్" చూసి మోసపోకూడదు. అది మోస్ వరసలోని 9 కాదు, పెన్సిల్ గట్టిదనం. 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడదని మాత్రమే దాని అర్థం. ఇసుక దాని మీదా గీతలు పెడుతుంది. అయినా వేయించుకోవడం దండగేమీ కాదు. గీతలు పడితే, పగిలితే పోయేది ఆ పై గ్లాసే, మార్చడానికి కొన్ని వందలతో అయిపోతుంది. కవర్ దుమ్మును ఆపుతుందనుకోవడం మాత్రం పొరపాటు. అంచుల్లోంచి లోపలికి చేరిన ఇసుక బయటికి పోయే దారి లేక అక్కడే రాసుకుంటూ ఉంటుంది. నెలకోసారైనా కవర్ ఊడదీసి దులపకపోతే, ట్యాబ్ వీపు మీద కవర్ ఆకారంలోనే గీతలు తేలతాయి.

కవర్ నిజంగా పనికొచ్చేది మూలల దగ్గర. గాజు మధ్యలో కన్నా అంచుల్లో బలహీనం. మూల మీద పడితే దెబ్బంతా ఒక్క చుక్క దగ్గర చేరుతుంది. ఒంటిచేత్తో ఫోన్ పట్టుకున్నంత గట్టిగా ట్యాబ్‌ను పట్టుకోలేం కాబట్టి అది చేతిలోంచి జారడం తేలిక. చూడటానికి అందంగా ఉండే పలచటి ఫ్లిప్ కవర్ కన్నా, నాలుగు మూలలా ఉబ్బుగా ఉండే ఫోమ్ కవర్ పిల్లలున్న ఇంట్లో ఎక్కువ కాలం ట్యాబ్‌ను బతికిస్తుంది. ఇంటికొచ్చినవాళ్ల కంటికి అది బొమ్మలా కనిపిస్తే కనిపించనీ.

ఫోన్‌కు లేని ఇంకో శత్రువు ట్యాబ్‌కు ఉంది, అదే మీద పడే బరువు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా సామ్‌సంగ్ ట్యాబ్‌లు పంచింది. 8.7 అంగుళాల తెర. పుస్తకాలు, వాటర్ బాటిల్, అన్నం క్యారేజీ ఉన్న స్కూలు బ్యాగులో ఇదీ చేరుతుంది. ఆ బ్యాగును పిల్లలు బెంచీ మీదికి విసురుతారు, ఆటోలో దాని మీదే కూర్చుంటారు. ఇలాంటప్పుడు పై గాజుకు చిన్న గీత కూడా లేకుండా లోపలి డిస్‌ప్లే పగులుతుంది. ఆన్ చేస్తే ఒక మూల సిరా ఒలికినట్టు నల్ల మచ్చ ఉంటుంది, రోజురోజుకూ పాకుతుంది. బ్యాగులో ట్యాబ్‌ను వీపు వైపు అరలో, తెర ఒక గట్టి అట్ట నోట్‌బుక్కు ఆనేలా పెడితే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. క్యారేజీ పక్కన మాత్రం పెట్టకూడదు. స్టీలు మూత అంచు తెర మధ్యలో నొక్కుతుంది, రసం కారితే అదొక గోల.

హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోటికి పగిలిన ట్యాబ్ తీసుకెళ్తే మొదటి ప్రశ్న, "టచ్ పోయిందా, డిస్‌ప్లే పోయిందా?" అని. కొన్ని ట్యాబ్‌లలో టచ్ ఉండే పై గాజు విడిగా ఉంటుంది, అదొక్కటే మారిస్తే సరిపోతుంది. గాజూ డిస్‌ప్లే ఒకటిగా అతికించి వచ్చే మోడళ్లలో మొత్తం కాంబో మార్చాలి. అప్పుడు ఖర్చు విని, కొత్తదే కొందామా అనే ఆలోచనలో పడతారు. ట్యాబ్ కొనేముందే ఇది ఏ రకమో అడిగి తెలుసుకోవడం మంచిది. కానీ షోరూముల్లో ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు.

ఇక ఎండ. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడాలని, వాడకుండా పక్కన పెట్టినా 45 దాటకూడదని ఆపిల్ చెబుతుంది. రామగుండంలో, రెంటచింతలలో మే నెలలో నీడలోనే 45 చూస్తారు. తలుపులు మూసి ఎండలో ఆపిన కారులో 60 కూడా దాటొచ్చు. లిథియం బ్యాటరీకి వేడి తగిలిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత తరుగుతుంది, ఆ తరిగింది మళ్లీ రాదు. నిండుగా ఛార్జ్ అయి ఉన్నప్పుడు తగిలితే ఇంకా ఎక్కువ. రాత్రంతా దిండు కింద ఛార్జింగ్ పెట్టడం కూడా దాదాపు ఇలాంటిదే. వేడి పోవడానికి ట్యాబ్‌కు ఫ్యాన్ లేదు, ఉన్న దారి దాని వీపే, ఆ వీపుకు మనం దూది అడ్డం పెడతాం. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ చాలా కొత్త ట్యాబ్‌లలో ఉంది. ఇంట్లోనే వాడే ట్యాబ్‌కు ఆ 80 చాలు.

కరోనాలో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ట్యాబ్‌లు చాలా ఇళ్లలో బీరువాల్లోనే ఉన్నాయి. పెట్టేటప్పుడు నిండుగానో, పూర్తిగా దిగిపోయాకో పెట్టేశారు. సగం ఛార్జ్‌తో పెట్టి, ఆరు నెలలకోసారి తీసి మళ్లీ సగానికి తెచ్చుకోవాల్సింది. ఇప్పుడు ఎవరికో ఇద్దామని బయటికి తీస్తే, దుమ్ము తుడవడం కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. కవర్ తీసి చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి, ఒక మూల వేలితో తట్టాలి. చిన్న కెమెరా ఉబ్బు వల్ల వచ్చే కదలిక వేరు, అది చాలా ట్యాబ్‌లకు ఉండేదే. వీపు మధ్యలో పొంగి బొంగరంలా ఊగుతున్నా, తెర అంచు ఒకవైపు లేచి సందు కనిపిస్తున్నా, లోపల బ్యాటరీ ఉబ్బినట్టే. లేచిన తెరను చేత్తో నొక్కి సరిచేయాలని చూడకూడదు. ఛార్జింగ్ పెట్టకూడదు, బ్యాటరీ మార్పించకుండా పిల్లల చేతికి ఇవ్వకూడదు. పొడిగా, చల్లగా ఉన్నచోట, మంటకు దూరంగా ఉంచి, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి, బ్యాటరీ ఉబ్బిందని ముందే చెప్పి చేతికివ్వాలి.